అప్పుడప్పుడు ఆగిపోవు కంప్యూటరు – ఒక దోషాన్వేషణ చరిత్ర

మా కళాశాలలో బి.ఎస్‌సి. చదువుచున్న ఒక విద్యార్థి వేసవి సెలవులలో ఒక కంప్యూటరును స్వయముగా కూర్చుకొన్నాడు. మదర్‌బోర్డు, ప్రాసెసరు, రెండు మెమరీ పలకలు, విద్యుత్తును సరఫరా చేయు పెట్టె – అన్నియు వేరువేరుగా కొని తెచ్చి, వెంట వచ్చిన చిన్న పుస్తకమును చూచుచు మరలు బిగించినాడు. మొదటి దినముననే అది పనిచేసినది. మూడవనాటి సాయంకాలము, ఉన్నట్టుండి తెర నీలముగా మారి, యంత్రము తనంతట తాను ఆగి మరల మొదలైనది. మరునాడు రెండుసార్లు అట్లే జరిగినది. ఆ పిమ్మట ఐదు దినములు ఏ చిక్కును లేదు. ఆరవనాడు మరల ఆగినది.

భాగములు కొన్న దుకాణమునకు దానిని మోసుకొనిపోయినాడు. వారు రెండు గంటలసేపు నడిపి చూచినారు. ఒక్కసారియైన ఆగలేదు. "మా సరకులో లోపమేమీ లేదు, బిగించడంలో నువ్వే ఏదో పొరపాటు చేసివుంటావు" అని పంపివేసినారు. ఆ కుర్రవాడు నా వద్దకు వచ్చి అడిగిన ప్రశ్న "ఇది ఎందుకు ఆగుతోంది?" అని కాదు. "తప్పు నాదేనా మాస్టారూ?" అని.

దొరికితే దొంగ, దొరకకపోతే దొర అను సామెత ఇట్టి దోషములకు చక్కగా వర్తించును. దీపము వెలుగకపోయినచో బల్బు మాడినదో, తీగ తెగినదో వరుసగా చూచి కనుగొనవచ్చును. దోషము ఎల్లప్పుడును మన యెదుట నిలిచియుండును గనుక దానిని పట్టుకొనుట ఓపికతో కూడిన పనియే గాని కష్టమైన పని కాదు. అప్పుడప్పుడు మాత్రమే కనిపించు దోషము అట్లు కాదు. దినము విడిచి దినము చలిజ్వరము వచ్చు రోగి, జ్వరము లేని దినమున వైద్యుని వద్దకు పోయినట్లుండును. ఆ వైద్యుడు చేయి పట్టి చూచి, ఏమియు లేదు పొమ్మనుట సహజము. ఈ చిక్కు నేటిది కాదు. కంప్యూటరునకు ఎంత వయస్సున్నదో దీనికిని అంత వయస్సున్నది. దీనిని పట్టుకొనుటకు శాస్త్రజ్ఞులు పన్నిన ఉపాయముల కథ, కంప్యూటరును కనుగొన్న కథకంటె తక్కువ రుచి గలది కాదు.

1946లో అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరమున ప్రదర్శింపబడిన ఎనియాక్ యంత్రమునందు సుమారు 18,000 రేడియో వాల్వులుండెడివి. ఇన్ని వాల్వులలో ప్రతిదినము ఏదో ఒకటి చెడుచు, యంత్రము ఎన్నడును సక్రమముగా నడువదని పలువురు ముందే జోస్యము చెప్పినారు. నిర్మాతలు వాల్వులను వాటి శక్తికంటె చాల తక్కువగా వాడుట చేతను, యంత్రమును సాధ్యమైనంతవరకు ఆపకుండ నడుపుట చేతను, సగటున రెండు దినములకు ఒక వాల్వు మాత్రమే చెడు స్థితికి తీసికొనిరాగలిగినారు. మరుసటి సంవత్సరము, 1947 సెప్టెంబరు 9వ తేదీన, హార్వర్డ్ విశ్వవిద్యాలయపు మార్క్ 2 యంత్రములో ఒక రిలే మీటల నడుమ చిక్కుకొని చచ్చిన చిమ్మట ఒకటి దొరకగా, దానిని దినచర్య పుస్తకములో అంటించి పెట్టినారు. యంత్రదోషమునకు పురుగు అను అర్థమిచ్చు 'బగ్' అను మాట అప్పుడే పుట్టినదని పలువురు వ్రాయుచుందురు గాని అది సరికాదు. ఎడిసన్ కాలమునుండియు ఆ మాట వాడుకలో నున్నది. నన్నడిగినచో ఆ చిమ్మట చాల నిజాయితీగల దోషము. చిక్కుకొన్నచోటనే ఉండి పట్టుబడినది.

నిజమైన బాధ పూర్తిగా చెడిన వాల్వుతో కాదు, చెడుచున్న వాల్వుతో. అది ఉదయము సరిగా పనిచేయును. మధ్యాహ్నము విద్యుత్ ప్రవాహపు పీడనము కొంచెము తగ్గగానే ఒక లెక్క తప్పును. సాయంకాలము మరల సరిపోవును. ఈ సమస్యను ఎదుర్కొనవలసివచ్చినవారు మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో వర్ల్‌విండ్ అను యంత్రమును నిర్మించిన జే ఫారెస్టర్ మొదలైనవారు. వర్ల్‌విండ్‌లో సుమారు 5,000 వాల్వులుండెడివి. అది గణిత శాస్త్రజ్ఞుని లెక్కలు తీరికగా చేసిపెట్టు యంత్రము కాదు. విమానముల కదలికలను రాడారుతో చూచుచు, అప్పటికప్పుడు లెక్కించి చెప్పవలసిన యంత్రము. మధ్యలో ఆగినచో, విమానము ఆకాశమున ఆగి వేచియుండదు గదా!

వారు పన్నిన ఉపాయము నేటికిని తలచుకొనదగినది. వాల్వు శక్తి క్రమక్రమముగా క్షీణించును. క్షీణించినను, ఒక హద్దు దాటువరకు వలయము పనిచేయుచునే యుండును. హద్దు దగ్గరకు వచ్చినప్పుడే ఒకసారి సరిగాను, ఒకసారి తప్పుగాను ప్రవర్తించును. కావున ప్రతిదినము ఒక నియమిత సమయమున, యంత్రములోని భాగములకు అందు విద్యుత్ పీడనమును కావలెనని కొంత హెచ్చించియు, కొంత తగ్గించియు, జవాబు ముందుగా తెలిసిన లెక్కలను దానిచేత చేయించెడివారు. ఆరోగ్యముగానున్న వాల్వులు ఆ మార్పును సహించెడివి. హద్దునకు చేరువలోనున్నవి అప్పుడే తప్పెడివి. వాటిని తీసివేసి క్రొత్తవి పెట్టెడివారు. పల్లెలో బావిలోనికి చేద వేయుటకు ముందు తాడును రెండుచేతులతో గట్టిగా లాగి చూతురు. తెగునదేదో గట్టుమీదనే తెగవలెనని వారి భావము. వర్ల్‌విండ్ నిర్మాతలు చేసినది ఇదియే. దోషము తనకు తోచినప్పుడు వచ్చువరకు కనిపెట్టుకొని కూర్చుండుట మాని, తాము పిలిచిన వేళకు అది వచ్చునట్లు చేసినారు. ఆ తరువాత డెబ్బదియైదు సంవత్సరములలో అప్పుడప్పుడు కనిపించు దోషములను పట్టుకొన్నవారందరును ఏదో యొక విధముగా ఈ పనినే చేసినారని నా అభిప్రాయము.

అదే కాలమున, మరియొక ఆలోచన బెల్ పరిశోధనాలయమునందు పుట్టినది. రిచర్డ్ హామింగ్ అను గణిత శాస్త్రజ్ఞునకు అక్కడి రిలే కంప్యూటరును వారాంతములలో వాడుకొను అవకాశముండెడిది. ఆ యంత్రమునకు తన లెక్కలో పొరపాటు జరిగినదని గుర్తించు శక్తి కలదు. పనిదినములలో అట్లు గుర్తించినప్పుడు అది ఆగి పనివారిని పిలిచెడిది. వారాంతమున పిలుచుటకు ఎవరును ఉండరు గనుక, ఆ లెక్కను వదలివేసి తరువాతి లెక్కకు పోయెడిది. సోమవారము వచ్చిచూచిన హామింగ్‌కు తన లెక్కలు సగములోనే వదలివేయబడి కనిపించినవి. ఒకసారి కాదు, రెండు వారములు వరుసగా. పొరపాటు జరిగినదని తెలిసికొనగలిగిన యంత్రము, అది ఎక్కడ జరిగినదో తెలిసికొని తానే ఎందుకు దిద్దుకొనరాదని ఆయనకు కోపముతో కూడిన సందేహము కలిగినది. దానికి సమాధానము 1950లో ఆయన ప్రకటించిన వ్యాసము.

తరగతిలో ఈ సంగతిని సులభముగా చూపవచ్చును. విద్యార్థులను వరుసలుగా, నిలువు పంక్తులుగా కూర్చుండబెట్టి, కొందరిచేత చేతులెత్తించవలెను. ప్రతి అడ్డువరుసలోను, ప్రతి నిలువు పంక్తిలోను ఎత్తిన చేతులు సరిసంఖ్యలో ఉండునట్లు చూడవలెను. ఉపాధ్యాయుడు వెనుదిరిగినప్పుడు ఎవరో ఒకరు ఎత్తిన చేయి దించినను, దించిన చేయి ఎత్తినను, ఒక అడ్డువరుసలోను ఒక నిలువు పంక్తిలోను బేసిసంఖ్య తేలును. ఆ రెండును కలియు చోట కూర్చున్నవాడే దొంగ. ఒకే వరుసను లెక్కించినచో పొరపాటు జరిగినదని మాత్రము తెలియును. రెండు విధముల లెక్కించినచో ఎవరిదో తెలియును. హామింగ్ కనుగొన్న పద్ధతి ఇంతకంటె పొదుపైనది. 4 బిట్‌లను కాపాడుటకు దానికి 3 అదనపు బిట్‌లు చాలును. రాశి పెద్దదైనకొలది అదనపు వ్యయము ఇంకను తగ్గును. 64 బిట్‌లకు 8 అదనపు బిట్‌లు చేర్చినచో, ఒక బిట్ తారుమారైనప్పుడు దిద్దుటకును, రెండు తారుమారైనప్పుడు కనుగొనుటకును వీలగును.

ఇవన్నియు గొప్ప సంస్థల గదులలో జరిగిన సంగతులు. ఇంటిలో కూర్చుండి స్వయముగా కంప్యూటరును బిగించుకొన్నవాని కష్టము 1975లో ప్రారంభమైనది. ఆ సంవత్సరము జనవరిలో పాప్యులర్ ఎలక్ట్రానిక్స్ అను అమెరికా పత్రిక ఆల్టెయిర్ 8800 అను యంత్రమును ముఖచిత్రముగా ప్రకటించినది. న్యూమెక్సికో రాష్ట్రములోని మిట్స్ అను చిన్న సంస్థ దాని భాగములను 397 డాలర్లకు అమ్మెడిది. కొన్నవారు టంకము పోసి అతికించుకొనవలెను. దానితో వచ్చు మెమరీ 256 బైట్‌లు మాత్రమే; మన వాక్యములు రెండు మూడు కూడ అందులో పట్టవు. కనుక ఉపయోగకరమైన పని యేదైనను చేయవలెనన్నచో, 4,000 బైట్‌ల పైచిలుకు పట్టు అదనపు పలకను కొనుట తప్పనిసరి.

మిట్స్ వారి ఆ పలకలో వాడినది డైనమిక్ మెమరీ. అందులో ఒక్కొక్క బిట్ ఒక చిన్న కెపాసిటరులో విద్యుదావేశ రూపమున నిలిచియుండును. అది చిల్లుకుండ వంటిది. నీరు గుర్తుకంటె దిగువకు పోకముందే మరల నింపుచుండవలెను. సెకనులో కొన్ని వందల పర్యాయములు ఈ నింపుడు జరుగవలెను. ఆ నింపు వేళ కొంచెము తప్పినను, విద్యుత్ సరఫరాలో కొంచెము ఒడుదుడుకు వచ్చినను, ఎక్కడో ఒక కుండ ఎండిపోవును. ఏ కుండయో, ఎప్పుడో చెప్పలేము. ఆ పలకలు సరిగా పనిచేయవని త్వరలోనే అపకీర్తి వచ్చినది.

కాని ఆ అపకీర్తి పదిమందిలో వ్యాపించువరకు, ఒంటరిగా తన గదిలో కూర్చున్న కొనుగోలుదారుని సంగతి ఏమి? పలకను తానే అతికించినాడు. వందలకొలది అతుకులలో ఏది చలువ అతుకో తెలియదు. యంత్రము ఆగినప్పుడెల్ల ముందుగా తన చేతినే శంకించుకొనెడివాడు. పోసిన టంకమును కరిగించి మరల పోసెడివాడు. కాలిఫోర్నియాలో 1975 మార్చిలో ఒక మోటారు షెడ్డులో ప్రారంభమైన హోంబ్రూ కంప్యూటర్ క్లబ్బు వంటి సమావేశములు ఇట్టివారికి చేసిన మేలు తక్కువ కాదు. ఒకే దోషము పలువురి యంత్రములలో, పలువురి చేతి అతుకులతో కనిపించినప్పుడు, తప్పు చేతిది కాదని తేలును. ఆ క్లబ్బువారిలోని బాబ్ మార్ష్, తన మిత్రుడు గ్యారీ ఇంగ్రామ్‌తో కలిసి ప్రాసెసర్ టెక్నాలజీ అను సంస్థను పెట్టి, మాటిమాటికి నింపనవసరము లేని స్టాటిక్ మెమరీతో పలకలు చేసి అమ్మగా అవి బాగుగా పోయినవి. దీనికి ఒక చిత్రమైన కొసరు కూడ ఉన్నది. మిట్స్ వారు బిల్ గేట్స్, పాల్ ఆలెన్‌లు వ్రాసిన బేసిక్ భాషను తమ మెమరీ పలకతో కలిపి కొన్నవారికి చౌకగాను, విడిగా కొన్నవారికి ఎంతో ప్రియముగాను అమ్మినారు. పనిచేయని పలకను ఎవరు కొందురు? పలువురు బేసిక్‌ను ఒకరి వద్దనుండి ఒకరు నకలు చేసికొన్నారు. 1976 ఫిబ్రవరిలో గేట్స్ వ్రాసిన ప్రసిద్ధమైన బహిరంగ లేఖ వెనుక ఈ చెడ్డ పలక నీడ కూడ ఉన్నది.

ఆ కాలముననే పెద్ద సంస్థలకు సైతము అంతుపట్టని ఒక వింత కనబడినది. ఇంటెల్ సంస్థ తయారుచేసిన 16,000 బిట్‌ల చిప్పులలో అప్పుడప్పుడు ఒక్క బిట్ మాత్రము 1 నుండి 0కు మారిపోయెడిది. మరల వ్రాసి చూచినచో ఆ గడి చక్కగా పనిచేసెడిది. మరియొకసారి వేరొక గడిలో. ఏ భాగమును చెడలేదు. అయినను తప్పు జరుగుచున్నది. విద్యుత్ సరఫరాను చూచినారు, ప్రక్కవలయముల ప్రభావమును చూచినారు. తుదకు టిమొతీ మే, మరీ వుడ్స్ అను ఇద్దరు శాస్త్రజ్ఞులు 1978లో కారణమును బయటపెట్టినారు. దోషము చిప్పులో లేదు. చిప్పును భద్రముగా ఉంచిన పింగాణి డబ్బీలో ఉన్నది!

ఆ పింగాణి మట్టిలో అత్యల్ప ప్రమాణమున యురేనియము, థోరియము వంటి రేడియోధార్మిక పదార్థములుండెను. వాటినుండి ఆల్ఫా కణములు వెలువడును. ఒక ఆల్ఫా కణపు శక్తి సుమారు 50 లక్షల ఎలక్ట్రాన్ వోల్టులు అనుకొందము. సిలికానునందు ఒక ఎలక్ట్రానును దాని స్థానమునుండి విడిపించుటకు సగటున 3.6 ఎలక్ట్రాన్ వోల్టులు కావలెను. 50 లక్షలను 3.6 చేత భాగించినచో సుమారు 14 లక్షలు వచ్చును. ఆ కాలపు మెమరీ గడిలో ఒక బిట్‌ను సూచించు ఎలక్ట్రానుల సంఖ్య కూడ ఇంచుమించు అదే తరగతిలోనిది. కనుక ఒక్క కణము వచ్చి తగిలినచో, ఖాళీగానుండవలసిన కుండ నిండిపోవుటకు చాలును. గడులు పెద్దవిగానున్నంత కాలము ఈ కణము వాటికి చీమకాటు. గడులు చిన్నవైనకొలది అది గొడ్డలిపెట్టు అయినది.

వారు దీనిని ఎట్లు రుజువు చేసినారో గమనింపవలెను. నెలకొకసారి వచ్చు పొరపాటుకై ఎదురుచూచుచు కూర్చుండలేదు. మూత తీసిన చిప్పునకు చేరువగా ఆల్ఫా కణములను వెలువరించు పదార్థమును ఉంచినారు. పొరపాట్లు కుప్పలుగా వచ్చినవి. కణములు హెచ్చినకొలది అవియు హెచ్చినవి. వర్ల్‌విండ్ వారి పద్ధతియే మరియొక వేషమున!

ఐ.బి.ఎం. సంస్థకు 1986, 1987 సంవత్సరములలో ఎదురైన చిక్కు ఇంకను విచిత్రమైనది. అమెరికాలోని కర్మాగారమున చేసిన మెమరీ చిప్పులలో ఇట్టి పొరపాట్లు హఠాత్తుగా హెచ్చినవి. ఐరోపాలో అదే నమూనాతో, అదే పద్ధతిలో చేసిన చిప్పులలో ఆ హెచ్చు లేదు. అక్కడి చిప్పులను ఇక్కడి డబ్బీలలోను, ఇక్కడి చిప్పులను అక్కడి డబ్బీలలోను పెట్టి చూచినారు. దోషము చిప్పుల వెంట పోయినదే గాని డబ్బీల వెంట పోలేదు. కనుక ఈసారి దొంగ చిప్పులోనే ఉన్నాడు. తయారీలోని ఒక్కొక్క మెట్టును, ఒక్కొక్క రసాయనమును పరీక్షింపగా, తుదకు నత్రికామ్లపు సీసాలలో కొన్నింటియందు పోలోనియం-210 దొరికినది. ఆమ్లములోనికి అది ఎట్లు వచ్చినది? సీసాలను శుభ్రముచేయు యంత్రములో ధూళి అంటకుండుటకై గాలిని అయనీకరించి ఊదెడివారు. గాలిని అయనీకరించుటకు అందులో పోలోనియమును వాడినారు. దానిని మూసియుంచిన గుళికలు కారి, ఆ పదార్థము సీసాలలో పడినది. ఎక్కడి సీసాలు కడుగు యంత్రము, ఎక్కడి కంప్యూటరు ఆగిపోవుట! ఈ గొలుసులో ఒక్క లంకెనైనను ఊహతో పట్టుకొనుట అసాధ్యము. రెండు కర్మాగారముల సరకును పోల్చుట, ఒక్కొక్కసారి ఒక్క వస్తువును మాత్రమే మార్చి చూచుట – ఈ రెండును వారిని అక్కడికి చేర్చినవి.

ఈ మధ్య కాలములో ఆకాశమునుండి వచ్చు విశ్వకిరణములు కూడ ఇట్టి పొరపాట్లను కలిగింపగలవని తేలినది. 1979లో జేమ్స్ జీగ్లర్, విలియం లాన్‌ఫర్డ్ అనువారు దీనిని లెక్కకట్టి ప్రకటించినారు. ఐ.బి.ఎం. వారు మెమరీలను కొలరాడోలోని లెడ్‌విల్ అను, సముద్రమట్టమునకు సుమారు 3,100 మీటర్ల ఎత్తునగల ఊరికి మోసుకొనిపోయి పరీక్షింపగా పొరపాట్లు హెచ్చినవి. భూగర్భమునకు దించి పరీక్షింపగా దాదాపు లేకుండపోయినవి. విశ్వకిరణముల నడ్డగించుటకు మన దేశపు శాస్త్రజ్ఞులు కోలారు బంగారు గనుల లోతులను వాడుకొన్న సంగతి భౌతికశాస్త్ర ఉపాధ్యాయులకు గుర్తుండును, కారణము అదియే.

అయితే ఇక్కడ ఒక హెచ్చరిక అవసరము. కారణము తెలియని ప్రతి దోషమునకు విశ్వకిరణములపై నేరము మోపుట నేడు కొందరికి అలవాటైనది. 2009లో గూగుల్ సంస్థ తన వేలాది యంత్రముల మెమరీలను రెండున్నర సంవత్సరములు పరిశీలించిన ఫలితములు వెలువడినవి. ఒక సంవత్సరములో 8 శాతమునకు మించిన మెమరీ పలకలలో పొరపాట్లు కనిపించినవి. కాని అవి ఆకాశమునుండి రాలినట్లు అన్ని పలకలమీద సమానముగా పడలేదు. ఒకసారి తప్పిన పలకయే మరల మరల తప్పినది. అనగా చాలవరకు నేరము కిరణములది కాదు, ఆ పలకదే.

ఇన్ని సంగతులు తెలిసినను, ఇంటి కంప్యూటరునకు వాటివలన కలిగిన లాభము కొద్దియే. 1981లో ఐ.బి.ఎం. వారి పర్సనల్ కంప్యూటరులో ప్రతి 8 బిట్‌లకు తోడుగా తొమ్మిదవ బిట్ ఒకటి కావలి యుండెడిది. తప్పు జరిగినప్పుడు అది దిద్దలేకపోయినను, తెరమీద మెమరీ తప్పినదని ప్రకటించి యంత్రమును ఆపెడిది. దొంగ పేరు వెంటనే తెలిసెడిది. 1990 తరువాత ధర తగ్గించు పోటీలో ఆ తొమ్మిదవ బిట్‌ను ఇంటి యంత్రములనుండి తొలగించినారు. బ్యాంకులు, పరిశోధనాలయములు వాడు యంత్రములలో హామింగ్ మార్గమున తప్పును దిద్దు మెమరీ ఉన్నది. ఇంటి యంత్రములలో సాధారణముగా లేదు. ఇది తప్పని లినక్స్ నిర్మాత లినస్ టోర్వాల్డ్స్ 2021 జనవరిలో తీవ్రముగా విమర్శించినాడు. నేను ఆయనతో ఏకీభవింతును. యంత్రము ఆగిపోవుట నష్టమే గాని, ఆగకుండ తప్పు అంకెను వ్రాసి ఊరకుండుట అంతకుమించిన నష్టము. ఆగిన యంత్రమును అందరును చూతురు. మారిన అంకెను ఎవరు చూతురు?

కావలివాడు పోయినందున, దొంగను పిలిచి పట్టు పనిముట్టు కావలసివచ్చినది. 1994లో క్రిస్ బ్రేడీ అను ప్రోగ్రామరు మెమ్‌టెస్ట్86 అను ప్రోగ్రామును వ్రాసినాడు. ఇది విండోస్ వంటి ఇతర వ్యవస్థలేవియు లేకుండ, కంప్యూటరు మేల్కొనగానే తానొక్కటియే నడుచును. మెమరీలోని ప్రతి గడిలోను ఒక నమూనా వ్రాసి, మరల చదివి పోల్చి చూచును. అన్నియు 1లు, అన్నియు 0లు, ఒకటి విడిచి ఒకటి, అటునుండి ఇటు, ఇటునుండి అటు – ఇట్లు నమూనాలు మార్చుచునే యుండును. ఇన్ని ఎందుకనగా, ఒక గడి తన ప్రక్కవారందరును 1గా ఉన్నప్పుడు చక్కగా ఉండి, వారు 0గా మారినప్పుడు మాత్రమే తప్పవచ్చును. పరీక్ష ఒకసారి ముగిసినంతమాత్రమున చాలదు. యంత్రము వేడెక్కి, రాత్రంతయు నడిచి, అనేక పర్యాయములు తిరిగినప్పుడుగాని బలహీనమైన గడి బయటపడదు. దుకాణమువారి రెండు గంటలకు విలువ లేకపోవుటకు కారణమిదియే.

ఎందరి యంత్రములు నిజముగా యంత్రదోషముచేత ఆగుచున్నవో తెలిసినది 2011లో. మైక్రోసాఫ్ట్ సంస్థకు చెందిన నైటింగేల్, డూసర్, ఆర్గోవాన్ అను మువ్వురు, ఇంచుమించు 10 లక్షల ఇంటి కంప్యూటర్లు ఆగినప్పుడు పంపిన నివేదికలను పరిశీలించినారు. ఎనిమిది నెలలలో మొత్తముమీద 30 దినములైనను పనిచేసిన యంత్రములను తీసికొన్నచో, ప్రాసెసరు దోషముచేత ఆగినది సుమారు 190లో ఒకటి. కాని ఒకసారి అట్లు ఆగిన యంత్రము రెండవసారి ఆగు అవకాశము సుమారు మూడింట ఒక వంతు. నిర్ణీత వేగమునకు మించి నడుపబడు యంత్రములు ఎక్కువగా ఆగినవి. పేరుపడిన సంస్థలు అమ్మినవాటికంటె, విడిభాగములతో కూర్చబడినవి ఎక్కువగా ఆగినవి. అమెరికాలోని ఆల్టెయిర్ కొనుగోలుదారుడు ఒంటరిగా తనను తాను ప్రశ్నించుకొన్న ప్రశ్నకు, 36 సంవత్సరముల తరువాత 10 లక్షల యంత్రములు కలిసి సమాధానము చెప్పినవి. మొదటిసారి ఆగినప్పుడు, పోనిమ్ము, ఏదో జరిగినదిలే అని విడిచిపెట్టుట పొరపాటని దీనివలన తెలియుచున్నది.

అయినను దొంగ క్రొత్త వేషములు వేయుట మానలేదు. 2022, 2023 సంవత్సరములలో వెలువడిన ఇంటెల్ వారి 13, 14 తరముల ప్రాసెసర్లలో వేగమైనవాటిని కొని యంత్రములు కూర్చుకొన్నవారికి, ఆటలు ఆడునప్పుడు యంత్రము ఊరక ఆగుట ప్రారంభమైనది. తెరమీద కనిపించిన సందేశము, చిత్రములను గీయు కార్డులో మెమరీ చాలలేదని! పలువురు ఆ కార్డునే శంకించి మార్చుకొన్నారు. ఫలితము లేదు. 2024 ప్రారంభమున, ఆటలలోని సమాచారమును కుదించి విప్పు ప్రోగ్రామును వ్రాసినవారు అసలు సంగతిని ప్రకటించినారు. కుదించిన సమాచారమును విప్పు పనిలో ప్రతి బిట్‌ను సరిచూతురు గనుక, ప్రాసెసరు చేసిన తప్పు అక్కడ మొదట బయటపడుచున్నది. నేరము మాత్రము కార్డుపై పడుచున్నది. అదే సంవత్సరము జులైలో ఇంటెల్ సంస్థ, ప్రాసెసరు తనకు అవసరమైనదానికంటె హెచ్చు విద్యుత్ పీడనమును కోరుకొనునట్లు దాని అంతరంగిక ఆదేశములలో లోపమున్నదని అంగీకరించినది. ఆగస్టులో సవరణ ఇచ్చినది. సెప్టెంబరులో పూర్తి వివరణ ఇచ్చినది. హెచ్చు పీడనము, వేడి కలిసి ప్రాసెసరులోని గడియారపు వలయములను కాలక్రమమున బలహీనపరచుచున్నవట. సవరణ ఇకముందు చెడకుండ కాపాడును. అప్పటికే చెడినదానిని బాగుచేయదు. కనుక అట్టి ప్రాసెసర్లకు పూచీ కాలమును రెండు సంవత్సరములు పొడిగించినారు. వర్ల్‌విండ్ వాల్వువలెనే ఇదియు క్రమముగా క్షీణించి, హద్దు చేరినప్పుడు అప్పుడప్పుడు తప్పిన దోషమే.

మా విద్యార్థి సంగతికి వత్తును. ముందుగా మెమరీ వేగమును తయారీదారు ప్రకటించిన హెచ్చు వేగమునుండి సాధారణ వేగమునకు తగ్గించమన్నాను. అయినను నాల్గవనాడు యంత్రము ఆగినది. అప్పుడు రెండు పలకలలో ఒకదానిని తీసివేసి, ఒక్కదానితో రాత్రంతయు మెమ్‌టెస్ట్ నడిపినాడు. తెల్లవారువరకు ఒక్క తప్పును లేదు. రెండవ రాత్రి ఆ పలకను తీసి రెండవదానిని పెట్టినాడు. అయిదవ పర్యాయమున ఒక్క తప్పు కనిపించినది. ఏడవ పర్యాయమున మరియొకటి, అదే స్థానమున, అదే బిట్. మూడవ రాత్రి, మదర్‌బోర్డులోని గాడి దోషమేమోనని, ఆ పలకనే వేరొక గాడిలో పెట్టి చూడమన్నాను. తప్పు పలక వెంటనే పోయినది.

మరునాడు వాడు దుకాణమునకు కంప్యూటరును మోసుకొనిపోలేదు. మూడు రాత్రుల తెరల ఫోటోలను, ఆ పలకను మాత్రము జేబులో పెట్టుకొని పోయినాడు. దుకాణమువారు ఫోటోలను అటునిటు త్రిప్పి చూచి, ఏమియు మాటాడక లోపలికి పోయి, క్రొత్త పలకను తెచ్చి ఇచ్చినారట.